"మూలం తెలిసిన మాటే నన్ను నవ్వులపాలు చేసింది"

పేరు రాయొద్దంటూ ఒక పాఠకురాలు పంపిన పెద్ద ఉత్తరం ఇది. ఆమెకు 36 ఏళ్లు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివారు. ఒక సంస్థలో ఆడిట్ విభాగంలో పనిచేస్తున్నారు. ప్రమోషన్ వచ్చాక ఇంగ్లీషు రిపోర్టులు చదవడం, రాయడం రోజూ తప్పని పని అయింది. మాటల జాబితాలు బట్టీ పట్టి, మర్చిపోయి, మళ్లీ బట్టీ పట్టి విసిగిపోయారు. అలాంటి సమయంలో, ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి లాటిన్, గ్రీకు మూలాలున్నాయని, ఒక్క మూలం తెలిస్తే దాని వెనకాలే ఎన్నో మాటలు వస్తాయని తెలిసింది. ఒక నోటుబుక్ పెట్టి మూలాలు రాసుకోవడం మొదలుపెట్టారు. "ఇంగ్లీషంటే భయం పోయి, ఇష్టం కలగడం నాకదే మొదటిసారి" అన్నారు.

ఆ నోటుబుక్‌లో ఒక పేజీలో 'గ్రెక్స్' అని ఉంది. లాటిన్‌లో మంద అని అర్థం. కాంగ్రిగేట్, సెగ్రిగేట్, అగ్రిగేట్ అన్నీ ఆ మంద చుట్టూ తిరిగే మాటలే. అదే వరసలో ఇగ్రీజియస్ కనిపించింది. మందలోంచి బయటికి నిలిచినది, అంటే అందరికన్నా మిన్న అని ఈమె అర్థం చేసుకున్నారు. వాళ్ల పైఅధికారి ఒక కష్టమైన ఆడిట్‌ను గడువులోగా పూర్తి చేయించినప్పుడు, టీమ్ మొత్తానికీ వెళ్లే మెయిల్‌లో ఈమె ఆ అధికారిణి కృషిని 'ఇగ్రీజియస్' అని మెచ్చుకున్నారు. ఆ మాటకు ఇవాళ్టి ఇంగ్లీషులో అర్థం 'సిగ్గుపడాల్సినంత ఘోరమైన' అని.

పైఅధికారి ఒక్క మాట అనలేదు కానీ, అప్పట్నుంచి ముభావంగా ఉంటున్నారట. ఒక సహోద్యోగి ఆ మెయిల్‌ను అందరి ముందూ చదివి నవ్వాడు, ఇప్పుడు 'ప్రొఫెసర్ గారూ' అని పిలుస్తున్నాడు. "డిక్షనరీ చూస్తే అయిపోయేదానికి ఈ తవ్వకాలెందుకు, ఆ పుస్తకం అవతల పారెయ్" అని భర్త అంటున్నారు. ఇంకో ఇబ్బంది కూడా రాశారు. మీటింగుల్లో ఒక కొత్త మాట వినపడగానే దాన్ని మనసులో ముక్కలు చేస్తూ కూర్చుంటున్నారు, తేరుకునేసరికి చర్చ ఎక్కడికో వెళ్లిపోతోంది. వీటి మధ్య, కొత్తగా చేరినవాళ్లకు ఆడిట్‌లో వాడే ఇంగ్లీషు మాటల గురించి ఒక గంట చెప్పమని అడిగారు. ఒప్పుకోవాలా, నోటుబుక్ మానేయాలా, పైఅధికారికి ఎలా చెప్పాలి అని అడుగుతూ, "అసలు నేను నేర్చుకున్నదంతా తప్పేనా?" అని ముగించారు.

*

ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా కుంగదీస్తున్నది అదేనని ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. మీరు నేర్చుకున్నది తప్పు కాదు. ఇగ్రీజియస్‌కు మీరు రాసుకున్న మూలం అక్షరాలా సరైనదే. లాటిన్‌లో ఆ మాటకు 'శ్రేష్ఠమైన' అనే అర్థం. 16వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని పొగడ్తగా వాడారు. అదే కాలంలో వెటకారంగానూ వాడడం మొదలైంది. వెటకారం నిలిచిపోయి పొగడ్త కనుమరుగైంది. ఇటాలియన్ భాషలో అయితే అదే మాట ఇప్పటికీ గౌరవవాచకం. అక్కడ ఒక పెద్దమనిషికి మర్యాదగా ఉత్తరం రాసేటప్పుడు ఆయన పేరు ముందు 'ఎగ్రేజో' అని పెడతారు. మీ మెయిల్ ఇటాలియన్‌లో వెళ్లి ఉంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

ఇలాంటిది మనకు కొత్త కాదు. మనం ఉపన్యాసం విన్నామంటే ఎవరో వేదిక మీద మాట్లాడారని అర్థం. హిందీలో ఉపన్యాస్ అంటే నవల. హిందీలో శిక్షా అంటే చదువు. మనకు శిక్ష అంటే ఏమిటో బడికి వెళ్లిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. వ్యవసాయం సంస్కృతంలో పట్టుదలతో చేసే ప్రయత్నం. అది మన దగ్గరికొచ్చి పొలం పనిగా స్థిరపడింది. సంస్కృతం బాగా వచ్చి తెలుగు అంతగా రానివాళ్లు ఎవరైనా ఈ మాటల్ని మూలం చూసి వాడితే, మీకు జరిగిందే వాళ్లకూ జరుగుతుంది. మూలం ఆ మాట ఎక్కడ బయల్దేరిందో చెప్తుంది. ఇప్పుడెక్కడ ఉందో చెప్పడం దాని పని కాదు. మీరు దానికి చేతకాని పని అప్పజెప్పారు, అంతే.

ఈ పొరపాటు చాలా పాతది కూడా. మూలాలను పరిశీలించే శాస్త్రానికి ఎటిమాలజీ అని పేరు పెట్టిందే 'ఎటుమోన్' అనే గ్రీకు మాట నుంచి, దాని అర్థం అసలైన నిజం. మాట పుట్టుక తెలిస్తే వస్తువు నిజస్వరూపం తెలిసిపోతుందని పూర్వం పెద్ద పెద్ద పండితులే నమ్మారు. 7వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ నగరపు బిషప్ ఇసిదోర్ ఆ నమ్మకంతోనే లోకంలోని విషయాలన్నిటినీ మాటల పుట్టుకల ద్వారా వివరిస్తూ ఒక విజ్ఞాన సర్వస్వం రాశాడు. అందులో చాలా వ్యుత్పత్తులు ఇవాళ నిలబడవు.

నోటుబుక్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ పైఅధికారి విషయం చూద్దాం, అది ఆలస్యమయ్యేకొద్దీ బరువెక్కుతుంది.

మీకు మూడు దారులున్నాయి. టీమ్ అందరికీ సవరణ మెయిల్ పంపడం ఒకటి. తప్పు అందరి ముందూ జరిగింది కాబట్టి సవరణ కూడా అందరి ముందూ ఉంటుంది, అది న్యాయంగానే ఉంటుంది. అయితే మొదటి మెయిల్ సరిగ్గా చదవనివాళ్లు కూడా ఇప్పుడు వెతికి చదువుతారు. అది మీకన్నా ఆమెకే ఎక్కువ ఇబ్బంది కావచ్చు. రెండోది, ఏమీ చేయకుండా ఊరుకోవడం. కొన్ని విషయాలు అలాగే సద్దుమణుగుతాయి, నిజమే. కానీ మీ ఉత్తరంలో ఆమె ముఖకవళికల గురించి మీరు రాసిన తీరు చూస్తే, ఇది మీలో సద్దుమణిగేలా లేదు. పైగా ఆమె ముభావానికి కారణం ఈ మెయిలేనని మీరు ఊహిస్తున్నారు. అడగకపోతే ఆ ఊహే మీ ఇద్దరి మధ్య మిగిలిపోతుంది. మూడోది, ఒంటరిగా కలిసి నేరుగా చెప్పడం. నా మొగ్గు దీనివైపే. ఇలా అనొచ్చు: "మేడమ్, ఆ మెయిల్‌లో మీది అద్భుతమైన కృషి అని రాయాలనుకున్నాను. నేను వాడిన మాటకు అర్థం పూర్తిగా వేరని తర్వాత తెలిసింది. మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి. టీమ్‌కు సరిచేసి ఒక మెయిల్ పెట్టమంటారా?" ఆ చివరి నిర్ణయం ఆమెకు వదిలేయండి.

ఒక్క జాగ్రత్త. మంద, లాటిన్, 16వ శతాబ్దం ఇవేవీ మీరుగా ఎత్తకండి. క్షమాపణ మధ్యలో వ్యుత్పత్తి వస్తే అది వాదనలా వినపడుతుంది. 'మరి ఆ మాట ఎక్కడ దొరికింది?' అని ఆమె తనంతట తాను అడిగితే అప్పుడు చెప్పండి, ఇటాలియన్ సంగతి కూడా చెప్పండి. ఆమె కూడా మీతో కలిసి నవ్వే అవకాశం ఉంది.

ఇక నోటుబుక్. మీ భర్త చెప్పినదాంట్లో సగం నిజముంది. ఒక మాటకు ఇవాళ్టి అర్థం కావాలంటే డిక్షనరీయే దిక్కు, మూలం చాలదు. ఆయన చూడని సగం ఏమిటంటే, డిక్షనరీ అర్థం చెప్తుంది కానీ ఆ అర్థాన్ని మనసులో నిలబెట్టదు. మీరే రాశారు కదా, జాబితాలు బట్టీ పట్టినప్పుడు నిలవని మాటలు మూలాలతో నిలిచాయని. స్పెక్ట్ అంటే చూడడం అని తెలిశాక ఇన్‌స్పెక్ట్, సస్పెక్ట్, ప్రాస్పెక్ట్, స్పెక్టేటర్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. స్పెల్లింగ్‌కు కూడా ఇది పనికొస్తుంది. అప్పు అని అర్థమున్న డెట్ అనే మాటలో 'బి' ఎందుకుందో, అది ఎందుకు పలకదో ఎవరూ చెప్పరు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఫ్రెంచి నుంచి 'బి' లేకుండానే తీసుకున్నారు. తర్వాత పండితులు లాటిన్ 'దెబితుమ్'ను గుర్తుచేయాలని ఆ అక్షరాన్ని రాతలో దూర్చారు, నోటికి మాత్రం అది ఎక్కలేదు. డౌట్‌లో ఉన్న 'బి' కథ కూడా ఇదే. రోజూ డెబిట్ రాసే మీరు ఇక డెట్ స్పెల్లింగ్ ఎప్పటికీ తప్పు రాయరు.

అయితే అన్ని మాటల మూలాలనూ ఒకేలా నమ్మకూడదు. మీ పుస్తకంలో లోపించింది ఈ తేడాయే అనిపిస్తోంది. శాస్త్రం కోసం పనిగట్టుకుని తయారుచేసిన మాటలు ఒక రకం. వేడికి థర్మో, కొలతకు మీటర్ పెట్టి థర్మామీటర్ చేశారు. హెపటైటిస్‌లో కాలేయమూ ఉంది, వాపూ ఉంది. కార్డియాలజీ, మైక్రోస్కోప్ లాంటివి కూడా అంతే. వీటిని చేసినవాళ్లు మూలం అర్థమయ్యేలాగే చేశారు కాబట్టి అక్కడ మీ ఊహ చాలావరకు సరిపోతుంది. అక్కడ కూడా తయారుచేసినవాళ్ల పొరపాట్లు పేర్లలో మిగిలిపోయిన సందర్భాలున్నాయి. ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటిలోనూ అదే ఉంటుందని, ఆ పేరు పెట్టిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోజియే అనుకున్నాడు, అది నిజం కాదని తర్వాత తేలింది. మలేరియా అంటే చెడు గాలి. దోమ సంగతి తెలియక ముందు పెట్టిన పేరది.

రెండో రకం, వందల ఏళ్లుగా జనం నోళ్లలో నలిగిన మామూలు మాటలు. వీటి దగ్గరే ప్రమాదమంతా. నైస్ అనే మాట 'తెలియనివాడు' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, ఇంగ్లీషులో మొదట తెలివితక్కువ అనే అర్థంలో వాడారు. మాన్యుఫాక్చర్ అంటే చేత్తో చేయడం, ఇవాళ యంత్రం చేసేదే మాన్యుఫాక్చర్. డిసెంబర్‌లో ఉన్నది పది, పాత రోమన్ క్యాలెండర్ మార్చితో మొదలయ్యేది కాబట్టి. స్కూల్ అనే మాటకు గ్రీకులో తీరిక అని అర్థం. మీ ఇగ్రీజియస్ ఈ రకంలోది. అందుకే ఆ నోటుబుక్‌లో పేజీ పేజీకీ ఒకే నమ్మకం పెట్టుకోవద్దంటున్నాను.

మూడో చిక్కు కూడా ఉంది, ఒకేలా కనిపించే వేరు వేరు మూలాలు. పెడల్, పెడెస్ట్రియన్‌లలో ఉన్న 'పెడ్' లాటిన్ పాదం. పీడియాట్రిక్స్‌లో ఉన్నది గ్రీకు 'పాయిస్', అంటే పిల్లవాడు. ఆర్థోపెడిక్స్‌లో ఏది ఉంది? ఎముకల డాక్టరు కాబట్టి పాదమే అయ్యుంటుందని చాలామంది అనుకుంటారు. అక్కడున్నది పిల్లవాడే. నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల శరీరంలో వంకరలు సరిచేయడం గురించి 1741లో రాసిన పుస్తకానికి ఈ పేరు కల్పించాడు. 'ఇన్' కూడా నమ్మదగింది కాదు. ఇన్‌విజిబుల్‌లో అది 'కానిది' అని చెప్తుంది. ఇన్‌ఫ్లేమబుల్‌లో మాత్రం 'కానిది' అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది, ఆ మాటకు అర్థం సులువుగా అంటుకునేది అని.

సంస్కృతంతో పోలికలు వెతుకుతూ మీరు రాసిన పేజీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పేజీ నాకు చాలా నచ్చింది. పాదం, పెడ్, ఫుట్ ఒకే కుటుంబం. దంతం, డెంటల్, టూత్ కూడా అంతే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలభాష నుంచి పుట్టి ఉంటాయని, ఆ మూలభాష బహుశా ఇప్పుడు లేదని 1786లో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు పండితుడు అన్నారు. మొదట్లో ఉన్న 'ప' ఇంగ్లీషు వైపు వచ్చేసరికి 'ఫ' ఎలా అవుతుందో 1822లో జర్మన్ భాషావేత్త జేకబ్ గ్రిమ్ సూత్రంగా చూపించారు. అందుకే సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పేటర్, ఇంగ్లీషులో ఫాదర్. ఇవి ఒకదానికొకటి అక్కచెల్లెళ్లు. ఇంగ్లీషు మాట సంస్కృతం నుంచి పుట్టిందని మీరు అక్కడక్కడ బాణం గుర్తు వేశారు, ఆ బాణాలు తీసేయండి. మన కాలు, అడుగు ఈ కుటుంబానివి కావు, అవి ద్రావిడ మాటలు. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు మీకు ముందే తెలిసి ఉండడం మాత్రం నిజమైన లాభం, దాన్ని వదులుకోవద్దు. కాకపోతే ధ్వని కలిసిందని చుట్టరికం కలపకండి. మాన్యువల్‌లో ఉన్నది లాటిన్ చెయ్యి, దానికీ మానవుడికీ సంబంధం లేదు. డివైన్ మన దేవుడికి దగ్గరి చుట్టమే. అదే అర్థంలో ఉన్న థియాలజీలోని గ్రీకు మాటకు మాత్రం ఆ చుట్టరికం లేదు.

నోటుబుక్‌ను ఏం చేయాలన్నది మీ నిర్ణయమే. మానేస్తే మళ్లీ ఇలాంటి మెయిల్ వెళ్లే ప్రమాదం తగ్గుతుంది. కానీ ఇంగ్లీషు మీద మీకు కలిగిన ఇష్టం కూడా దాంతోపాటే పోవచ్చు, అది పోతే జాబితాలే మిగులుతాయి. పనికి సంబంధం లేకుండా ఇంట్లో సరదాగా కొనసాగించడం ఇంకో పద్ధతి. అందులో నష్టం లేదు, కానీ ఆఫీసులో ఎదురయ్యే మాటలకు అది తోడు రాదు. లాటిన్ పద్ధతిగా నేర్చుకుంటే ఎలా ఉంటుందని ఒక చోట అడిగారు. ఇష్టమైతే తప్పకుండా నేర్చుకోండి, అది గొప్ప సంపద. అయితే ఈ గండం నుంచి అది గట్టెక్కించేది కాదు. లాటిన్ బాగా వస్తే ఇగ్రీజియస్ పొగడ్తే అని ఇంకా ధీమాగా రాసి ఉండేవారు.

నాకు మేలనిపించే పద్ధతి, నోటుబుక్ ఉంచుకుని వరస తిరగేయడం. ఇప్పుడు మూలం పైన, అర్థం కింద రాస్తున్నారు. ఇకమీదట ముందు ఆ మాట మీకు కనపడిన వాక్యం పూర్తిగా రాయండి. తర్వాత ఉదాహరణ వాక్యాలున్న డిక్షనరీ చూసి ఇవాళ్టి అర్థం, ఆ మాట పక్కన ఏ మాటలు వస్తాయో రాయండి. మూలం అన్నిటికన్నా చివర. ఇగ్రీజియస్ పక్కన ఎర్రర్, వయొలేషన్ లాంటి మాటలే వరసగా కనిపించేవి, మీ చెయ్యి అక్కడే ఆగేది. ఈ పద్ధతిలో పేజీలు నెమ్మదిగా నిండుతాయి, మొదట్లో ఉన్న ఉత్సాహం కొంత తగ్గుతుంది. ఎప్పుడో ఒకప్పుడు మాట నడిచిన దారి మొత్తం చూడాలనిపిస్తే ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఉంది. 1884 నుంచి 1928 దాకా భాగాలుగా వెలువడింది. ప్రతి అర్థం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు వాడుకలోంచి పోయిందో ఉదాహరణలతో చూపిస్తుంది. మీలాంటివాళ్లకు అంతకన్నా మంచి కాలక్షేపం దొరకదు.

మీటింగుల్లో ఆగిపోవడానికి మాత్రం చిన్న చిట్కా చాలు. మాటను కాగితం అంచున రాసి వదిలేయండి. వాక్యం పూర్తయ్యేసరికి సగం మాటల అర్థం సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, మిగతావి సాయంత్రం చూసుకోవచ్చు.

ఆ సహోద్యోగి గురించి ఎక్కువ చెప్పను. 'ప్రొఫెసర్' అన్నప్పుడు మీరు కుంచించుకుపోతున్నంత కాలం అంటాడు. "ఆ పిలుపు నాకు నచ్చలేదు, పేరుతో పిలవండి" అని ఒకసారి మామూలు గొంతుతో చెప్పండి. నవ్వులాటగా తీసుకోగలిగితే అదీ సరే, కానీ తీసుకోలేకపోతున్నారని మీ ఉత్తరమే చెప్తోంది.

కొత్తవాళ్లకు క్లాసు చెప్పాలా అంటే, చెప్పొచ్చు. వద్దంటే ఎవరూ తప్పుపట్టరు, కానీ ఈ సంఘటన మీ నోరు మూయించిందని మీకే అనిపిస్తుంది. చెప్తే వాళ్ల ఎదుట మీరు తడబడే అవకాశమూ ఉంది, అందుకే మీరు గట్టిగా ఎరిగిన మాటలే ఎంచుకోండి. ఆడిట్ అంటే లాటిన్‌లో వినడం, ఆడియోలో ఉన్నదే. ఒకప్పుడు లెక్కలు పైకి చదివి వినిపించేవారు, విని సరిచూసేవారు. కాల్క్యులేట్‌లో ఉన్నది లెక్కపెట్టడానికి వాడిన గులకరాయి. డెబిట్ అంటే బాకీ ఉన్నది. క్రెడిట్ వెనక ఉన్నది నమ్మడం, ఆ లాటిన్ మాటా మన శ్రద్ధా తోబుట్టువులు. సంస్కృతంలో శ్రద్ధ అంటే నమ్మకమే, తెలుగులో పని మీద పెట్టే మనసుగా మారింది. ఒకే మూలం, ఒకటి బ్యాంకు పుస్తకంలోకి వెళ్లింది, ఒకటి బడి పిల్లల దగ్గరికి వచ్చింది. ఆ గంటలో సగం సేపు ఈ ఒక్క మాట మీదే గడిపినా నష్టం లేదు. శాలరీ ప్రస్తావన వస్తే, ఉప్పు అనే లాటిన్ మాటతో దానికి సంబంధం ఉందని అంతవరకే చెప్పండి. రోమన్ సైనికులకు జీతంగా ఉప్పే ఇచ్చారన్న కథకు గట్టి ఆధారం లేదు. సిన్సియర్ అంటే మైనం లేనిది అనే కథ కూడా అలాంటిదే, దాన్ని అసలు ఎత్తకండి.

క్లాసుకు తేదీ చెప్పే ముందు మాత్రం పైఅధికారిని కలవండి. తన మీద వాడిన మాట సంగతి తేల్చకుండా మీరు పదిమందికి మాటల గురించి చెప్తున్నారని ఆమెకు ఇంకెవరి ద్వారానో తెలిస్తే, ఇప్పుడున్న దూరం ఇంకా పెరుగుతుంది.